చాలినంత రోష్నీ



మా ఇంటికొచ్చిన మెహమాన్లు చెప్పులు విడిచి ముందు గదిలో కాలు పెట్టగానే అడిగే మాట ఒకటే: "ఈ నీలం లైటు ఎన్ని వాట్లది భాయ్?" ఖానాపురం హవేలిలో నాది చిన్న ఎలక్ట్రికల్ దుకాణం. వాట్ల లెక్క చెప్పడమే నా రోజీ. అయినా ఈ ఒక్క సవాల్ దగ్గర నా నోరు తడబడుతుంది. ఆ లెక్క తప్పే నా చేతుల్లో ఒక జాన్ పోయింది. అది చెప్పకుండా లైటు సంగతి ఒక్కటే చెబితే సగం ఝూట్ చెప్పినట్టు. అందుకే ఇవాళ రెండూ రాస్తున్నా.

నేను జిద్దాలో 13 ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశాను. జుమ్మా రోజు నమాజ్ అయ్యాక, వండింది డబ్బాల్లో కట్టుకుని ఓబ్‌హూర్ వైపు సమందర్‌కి పోయేవాళ్లం. ఎర్ర సముద్రంలో కలిసే జీవనది ఒక్కటీ లేదు. చుట్టూ రేగిస్తాన్. మట్టి తెచ్చి పోసే నది లేదు కాబట్టి నీళ్లు అద్దంలా ఉంటాయి. కళ్లద్దాలు పెట్టుకుని తల ముంచితే చాలు, కింద పగడాలు, వాటి మధ్య మచ్చల చేపలు. మా బిటియా అక్కడే పుట్టింది. నడక నేర్చింది ఆ ఒడ్డునే.

2017 జులైలో సౌదీలో ఫ్యామిలీ ఫీజు వచ్చింది. మనిషికి నెలకు 100 రియాళ్లు, ఏటా ఇంకో వంద పెరుగుతూ. మనవాళ్ల ఎన్ని ఖాన్‌దాన్‌లు సామాన్లు కట్టుకుని వెనక్కొచ్చాయో మీ అందరికీ ఎరుకే. మేమూ వచ్చాం. వచ్చిన కొత్తలో బిటియా అడిగేది, "అబ్బా, యహాఁ సమందర్ కిధర్ హై?" అని. ఖానాపురం చెరువుకి తీసుకుపోయి చూపించా. కాసేపు చూసి, "యే నక్కో" అంది. చిన్న సమందర్ ఒకటి ఇంట్లోనే పెట్టిస్తా అని వాదా చేశాను. ఆ వాదా నిలబెట్టుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

రెండడుగుల పొడవు, 80 లీటర్ల పైన నీళ్లు పట్టే గ్లాసు తొట్టి చేయించాను. ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలిపి, రాళ్లు పేర్చి, నెలన్నర ఖాళీగా నడిపించా. తర్వాత ఫోన్‌లో పరిచయమైన ఒకతని దగ్గర ఒక పగడం కొన్నాను. కొమ్మలు కొమ్మలుగా, గోధుమ రంగులో, కొసలు ఊదాగా ఉంది. పేరు అడగలేదు. బిల్లు అడగలేదు. రాత్రి బస్సులో థర్మాకోల్ పెట్టెలో వచ్చింది. దాన్ని అందరికంటే పైన, రాయి కొస మీద కూర్చోబెట్టా.

లైటు? నాదే దుకాణం, నాకేం కమీ? గ్రానైట్ ఫ్యాక్టరీల షెడ్లకు నేను అమ్మే 50 వాట్ల తెల్ల ఫ్లడ్ లైట్లు రెండు దించి తొట్టి మీద బిగించాను. గది షాదీఖానాలా వెలిగిపోయింది. ఫజర్‌కి వేసి, ఇషా అయ్యాక ఆర్పేవాణ్ణి. అది ఏప్రిల్ నెల. మన ఖమ్మం ఏప్రిల్ సంగతి చెప్పాలా?

వారం దాటాక పగడం రంగు పలచబడింది. ఊదా పోయింది, గోధుమ పోయింది, పదో రోజుకి పాలలాగా తెల్లగా అయింది. బిటియా ముచ్చటపడింది, "దూధ్ జైసా హువా అబ్బా!" అని. నాకు శక్ వచ్చింది. కానీ ఏమని? రంగు పోతుందంటే వెలుతురు చాలట్లేదు అనుకున్నా. లైట్లు ఇంకో నాలుగు ఇంచులు కిందికి దించాను. మూడో వారానికి దాని మీద పచ్చగా పాకుడు పట్టింది. జాన్ పోయిందని అప్పుడు అర్థమైంది.

అప్పుడు మొదలుపెట్టా చదవడం. ముందే చదవాల్సింది.

పగడం అంటే చెట్టు కాదు, రాయి కాదు. అది జానవర్. గోరంత కూడా లేని పాలిప్‌లు వేలకు వేలు కలిసి కట్టుకున్న ఇల్లు. ఒక్కో పాలిప్ ఒంట్లో కంటికి కనపడని నాచు కణాలు కాపురం ఉంటాయి. వాటిని జూజాంథెల్లే అంటారు. ఆ నాచు వెలుతురుతో వంట చేస్తుంది. పగడానికి కావలసిన తాకత్‌లో 90 శాతం దాకా ఆ వంటింటి నుంచే వస్తుంది. పగడం దానికి బదులుగా నాచుకి నీడ ఇస్తుంది, తన ఒంట్లో మిగిలింది ఎరువుగా ఇస్తుంది. మనం ఆ రంగుని పగడం రంగు అనుకుంటాం, సగం ఆ కిరాయిదార్లదే.

వెలుతురు మరీ ఎక్కువైతే, దాంతో పాటు నీళ్లు వేడెక్కితే, ఆ వంటిల్లు తట్టుకోలేదు. వండాల్సినచోట విషం లాంటి ఆక్సిజన్ పుడుతుంది. అప్పుడు పగడం ఆ నాచుని ఒంట్లోంచి బయటికి గెంటేస్తుంది. మిగిలేది నీళ్లలాంటి చర్మం, దాని కింద కనపడే తెల్లటి ఎముక. దాన్నే బ్లీచింగ్ అంటారు. తెల్లబడగానే అది చచ్చినట్టు కాదు. ఫాకాతో ఉన్నట్టు. వెంటనే నీడ ఇచ్చి, నీళ్లు చల్లబరిస్తే కొన్ని తేరుకుంటాయి. నేను ఆకలితో ఉన్నదాన్ని ఇంకా ఎండలోకి ఈడ్చాను. 2024లో లక్షదీవుల్లో పగడాలు ఇలాగే తెల్లబడ్డాయని ఖబర్ చదివినప్పుడు, సమందర్ వేడెక్కితే అంత పెద్ద దిబ్బకి ఏమవుతుందో నాకు పుస్తకం అక్కర్లేకుండానే తెలిసింది.

ఇంతటితో అయిపోలేదు. చచ్చిన ఆ కొమ్మని కడిగి, ఎండబెట్టి షోకేసులో పెట్టుకున్నాను. ఈద్‌కి మా సాడూ వచ్చాడు. అతను అటవీ శాఖలో పని చేస్తాడు, కిన్నెరసాని వైపు. షీర్‌ఖుర్మా గిన్నె చేతిలో పట్టుకుని షోకేసు దగ్గర నిలబడిపోయాడు.

"ఇది ఎక్కడిది భాయ్?"

చెప్పాను.

"ఇది షెడ్యూల్ ఒకటి. పులి ఏ లిస్టులో ఉందో అదే లిస్టు. మా అడవిలో ఉడుముని పట్టినోడి మీద కేసు రాస్తాం. వాడు ఆకలికి పట్టి ఉంటాడు. నువ్వు షౌఖ్‌కి కొన్నావ్."

గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ తగిలింది. గట్టి ఎముక కట్టే పగడాలన్నీ, నల్ల పగడం, ఆర్గాన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్‌లు, వీటన్నిటినీ 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ జుర్మే. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. చచ్చిన ఎముకకి కూడా అదే కానూన్. "నాకు తెలీదు" అన్నాను. "ఉడుము పట్టినోడూ అదే అంటాడు" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు అతనితోనే పోయి దాన్ని అప్పగించి, ఎలా వచ్చిందో రాసిచ్చాను. ఏం జరిగినా హఖ్ అనుకునే పోయాను. చీవాట్లు పెట్టారు, కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంటికొచ్చి తొట్టి అమ్మేద్దామనుకున్నా. బిటియా ఒక్కటే అడిగింది, "చంపింది ఊరుకునేందుకా, నేర్చుకునేందుకా అబ్బా?" పదేళ్ల పిల్ల. నా దగ్గర జవాబు లేదు.

ఏడాది ఖాళీ రాళ్లతో, రెండు చేపలతో నడిపాం. ఆ ఏడాదిలో ఒకరోజు మా అమ్మీ తన ఉంగరం చూపిస్తూ అడిగింది, "నా మూంగాకి కూడా లైటు కావాలా బేటా?" అని. సూరె రహ్మాన్‌లో మోతీతో పాటు మర్జాన్ పేరు వస్తుంది కదా, అమ్మీకి ఆ రాయి మీద వల్లమాలిన మొహబ్బత్. వెతికి చూస్తే హైరత్ అనిపించింది. ఉంగరాల్లో పొదిగే ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో గుహల్లో, లోతు చీకట్లో పెరుగుతుంది. దాని ఒంట్లో నాచు ఉండదు. వెలుతురుతో దానికి పనే లేదు. నీళ్లలో కొట్టుకొచ్చే సన్న తిండి ఏరుకుని బతుకుతుంది. పగడాల్లోనే ఒకటి చీకట్లో సుఖంగా ఉంటుంది, ఇంకొకటి నడినెత్తిన సూర్యుణ్ణి అడుగుతుంది. "పగడానికి ఎంత లైటు కావాలి" అనే సవాలే తప్పు. "ఈ పగడానికి, అది పుట్టిన లోతులో ఎంత ఉండేది" అని అడగాలి. అమ్మీ అడిగిన మాటతో నా లెక్క తిరిగింది.

రెండోసారి ముందు పేరు అడిగాను. పుట్టగొడుగు పగడాలు, అంటే మష్రూమ్‌లు, డిస్కోసోమా అనే జాతి. మెత్తటివి, రాతి ఎముక కట్టవు. చట్టంలో చెప్పిన ఆ ఐదు రకాల్లో లేవు. అయినా శాస్త్రీయ నామంతో బిల్లు, దిగుమతి కాగితాలు చూపించమన్నా. ఇద్దరు ఫోన్ పెట్టేశారు. మూడో అతను చూపించాడు. ఆ కాగితాలు మా సాడూకి పంపి, అతను సరే అన్నాకే డబ్బు పంపా. మీరూ అలాగే చెయ్యండి. బిల్లు ఇవ్వనివాడి దగ్గర ఎంత అందమైనదైనా నక్కో.

ఇక లైటు. నేను దుకాణందారుని కాబట్టి దుకాణం భాషలోనే చెప్తా.

వాట్ అంటే లైటు తాగే కరెంటు, ఇచ్చే వెలుతురు కాదు. ల్యూమెన్ అంటే మన కంటికి కనపడే కాంతి తూకం. మన కన్ను పచ్చ రంగుని ఎక్కువ చూస్తుంది, నీలాన్ని తక్కువ. పగడంలోని నాచుకి కావలసింది ముఖ్యంగా నీలం. నీళ్లలో ఎరుపు మొదటి కొద్ది మీటర్లలోనే ఆగిపోతుంది, నీలమే లోతుకి దిగుతుంది. తరతరాలుగా ఆ నీలంలో బతికిన జీవి అది. అందుకే మా తొట్టి మీది లైటు నీలంగా ఉంటుంది, ఫ్యాషన్‌కి కాదు. మనకి మసకగా కనపడే నీలం లైటు వాటికి నిండు విందు కావచ్చు. అంచేత కంటితో చూసి ఎన్నడూ లెక్క కట్టొద్దు.

దీనికి కొలత పార్. ఒక చదరపు మీటరు మీద ఒక సెకనులో పడే, నాచు వాడుకోగల కాంతి. మైక్రోమోల్ అనే లెక్కలో చెప్తారు. మిట్టమధ్యాహ్నం మన ఎండ 2000 దగ్గరుంటుంది. పుట్టగొడుగు పగడాలకి 30 నుంచి 80 చాలు. తోలు పగడాలు 80 నుంచి 150 అడుగుతాయి. నేను చంపిన కొమ్మ పగడం లాంటివి 200 నుంచి 350. కానీ అవి కూడా నెమ్మదిగా అలవాటైతేనే. ఏ నీడ నుంచి వచ్చిందో తెలియని జీవిని నేను ఒక్క పూటలో మండుటెండలో నిలబెట్టాను.

కొలిచే మీటరు ఖరీదైంది. హైదరాబాద్‌లో తొట్టి పెట్టుకున్న ఒక దోస్త్ రెండు రోజులకి అప్పిచ్చాడు. ఫోన్‌లో లక్స్ యాప్ ఉంది కదా అంటారు. అదీ కంటి లెక్కే, నీలాన్ని తక్కువ చూపిస్తుంది. ఈసారి కొన్నది నీలం వేరుగా, తెలుపు వేరుగా తగ్గించుకునే ఎల్‌ఈడీ. నీళ్లకి పది ఇంచుల పైన వేలాడదీశాను. నిండుగా పెట్టి కొలిస్తే అడుగున ఇసుక మీద 120 వచ్చింది, రాయి కొస మీద 300 దాటింది. 40 శాతానికి తగ్గిస్తే అడుగున 50, నడిమి రాయి మీద 80. చూడండి, ఒకే లైటు కింద జానెడు ఎత్తు తేడాతో ఎంత ఫరక్ ఉందో. పుట్టగొడుగుల్ని అడుగునే పెట్టాం, రాయి నీడ తగిలేలా.

మొదటి వారం 20 శాతంతోనే నడిపా. వారానికి ఐదు చొప్పున పెంచుతూ, నెలరోజులకి 40కి తెచ్చా. తొందరపడితే పాత గునాహ్ మళ్లీ చేసినట్టే. సబర్ పట్టాలి. టైమర్ పెట్టాను: పొద్దున 11కి నీలం మెల్లగా వెలుగుతుంది, మధ్యాహ్నం కాసింత తెలుపు కలుస్తుంది, రాత్రి 8కి మెల్లగా ఆరుతుంది. మొత్తం తొమ్మిది గంటలు. కిటికీ ఎండ తొట్టి మీద పడకుండా పరదా వేశాను. ఆ ఎండ నీళ్లని ఉడకబెడుతుంది, గ్లాసు మీద పాకుడు పెంచుతుంది.

తర్వాత పని చూడటమే. చాలకపోతే పగడం మెడ చాచినట్టు పైకి సాగుతుంది, రంగు ముదిరి గోధుమ అవుతుంది. ఎక్కువైతే ముడుచుకుంటుంది, పలచబడుతుంది. పలచబడిందంటే లైటు పెంచొద్దు, తగ్గించండి. నాలాగా ఉల్టా చెయ్యొద్దు. వారానికోసారి లైటు అద్దం మీద పట్టిన ఉప్పు తుడవండి. ఆ ఉప్పు పొరే వెలుతురు చాలా తినేస్తుంది. ఎలక్ట్రీషియన్‌గా ఇంకో మాట: వైరు ప్లగ్గులోకి పోయేముందు ఒక వంపు కిందికి వేలాడాలి, కారిన నీళ్లు అక్కడే కింద పడిపోవాలి. తొట్టి లైనుకి ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఉప్పునీళ్లు, పిల్లలు, కరెంటు, ఈ మూడూ ఒకే గదిలో ఉన్నాయి.

మొన్న మే నెలలో అసలు ఇంతెహాన్ వచ్చింది. బయట 45. ముందు గదిలో ఏసీ లేదు. నీళ్లు 26 ఉండాల్సింది 30కి ఎక్కాయి. మధ్యాహ్నం పుట్టగొడుగులు రూపాయి బిళ్లంత ముడుచుకున్నాయి. దుకాణం నుంచి ఫోన్‌లో అన్నాను, "ఐసు వెయ్యండి" అని. బిటియా అంది, "లైటు ఆపేశా అబ్బా. వేడి మన చేతిలో లేదు, వెలుతురు మన చేతిలో ఉంది కదా." మా ఆవిడ టేబుల్ ఫ్యాను నీళ్ల పైకి తిప్పి పెట్టింది. గాలికి నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. ఆవిరైన మేరకు మంచి ఆర్వో నీళ్లు పోస్తూ ఉండాలి, లేకపోతే ఉప్పు పెరుగుతుంది. ఆ మూడు వారాలు లైటు ఐదు గంటలే, అదీ 20 శాతం, సాయంత్రం చల్లబడ్డాక. వేడి, వెలుతురు రెండూ కలిస్తేనే దెబ్బ. ఒకదాన్ని తగ్గిస్తే రెండోదాన్ని తట్టుకుంటాయి. ఒక్కటీ తెల్లబడలేదు. అల్హమ్దులిల్లాహ్.

వానలు పడ్డాక భద్రాచలం వైపు ఒక షాదీకి పోయాం. వంతెన మీద ఆగి గోదారిని చూశాం. ఎర్రటి మట్టి నీళ్లు ఒడ్లు ఒరుసుకుంటూ పోతున్నాయి. బిటియా అడిగింది, "మన ఆంధ్రా సమందర్‌లో జిద్దాలాగా పగడాలు ఎందుకు లేవబ్బా?" చెయ్యి చాచి ఆ నీళ్లనే చూపించాను. గోదావరి, కృష్ణ మోసుకుపోయే మట్టి, మంచినీళ్లు మన తీరంలో కలుస్తాయి. వెలుతురు కిందికి దిగదు, మట్టి మీద పేరుకుంటుంది. అందుకే మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు కచ్, మన్నార్ సింధుశాఖల్లో, పాక్ జలసంధిలో, అండమాన్‌లో, లక్షదీవుల్లో ఉన్నాయి, మన దగ్గర లేవు. ఆ మట్టే మన వరి పొలాలకి బంగారం. "అయితే గోదారిది తప్పేం లేదు" అంది. లేదు బేటా.

జిద్దా సమందర్‌ని నేను ఆమెకి తిరిగి తేలేకపోయాను. తెద్దామని పోయి ఒక జానదార్‌ని ఖతం చేశా. ఇప్పుడు ఉన్నవి ఏడు పుట్టగొడుగులు. మూడు తెచ్చాం, నాలుగు ఇక్కడే పుట్టాయి, ఖానాపురం హవేలిలో. వాటికి ఎన్ని వాట్లు కావాలని మళ్లీ ఎవరైనా అడిగితే బిటియాని పిలుస్తున్నా. ఆమె ముందు అడుగుతుంది, "మీ దగ్గర ఏ పగడం ఉందంకుల్? బిల్లు ఉందా?"

రాత్రి 8కి లైటు ఆరిపోయాక మెహమాన్లు "ఒక్కసారి వెయ్యండి, చూస్తాం" అంటారు. వెయ్యను. బుర్రా మాన్ చేసుకోవద్దు, రేపు 11 తర్వాత రండి, చాయ్ కూడా తాగిపోదురు గాని.